ఓడకీ ఒడ్డుకీ మధ్య జానెడు



పుదుచ్చేరిలో సాయంత్రం ఆరు గంటలైతే సముద్రం పక్కనున్న గూబేర్ అవెన్యూలో బళ్ళు ఆపేస్తారు. మర్నాడు పొద్దున్న ఏడున్నర దాకా ఆ రోడ్డు నడిచేవాళ్ళది. మా అమ్మ మాత్రం "నడవలేనివాళ్ళది కూడాను" అంటుంది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి చక్రాల కుర్చీయే కాళ్ళు. ఊళ్ళో ఇంకెక్కడికి తీసుకెళ్ళినా నాలుగు గజాలకోసారి కుర్చీ ముందు చక్రాలు పైకెత్తి గతుకు దాటించాలి. ఆ రోడ్డు మీద ఆ అవస్థ లేదు. ఒక చేత్తో తోస్తే చాలు, సాగిపోతుంది. 1836లో వెలిగిన పాత దీపస్తంభం, గాంధీగారి విగ్రహం, డూప్లే విగ్రహం, అన్నీ ఆవిడే నాకు వేలు పెట్టి చూపిస్తుంది. ఆ గంటసేపు ఆవిడ నా వెంట రాదు. నేనే ఆవిడ వెంట వెళ్తాను.

మాది యానాం. పుదుచ్చేరి పాలనలో ఉన్న తెలుగు ఊరు. ఉద్యోగరీత్యా ఇక్కడికొచ్చి స్థిరపడ్డాం. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళం కాబట్టి పడవా, రేవూ, సరంగూ అంటే మాకు కొత్త కాదు. అందుకే ఇవాళ ఓడ గురించి మాట్లాడదామనుకున్నాను. క్రూయిజ్ అంటున్నామే, ఆ ఓడ విహారానికి చక్రాల కుర్చీలో వెళ్ళేవాళ్ళ గురించి, మొబిలిటీ స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళ గురించి. మొబిలిటీ స్కూటర్ అంటే మన రోడ్ల మీద పరుగెత్తే స్కూటర్ కాదు. మూడో నాలుగో చిన్న చక్రాలు, ఒక సీటు, ముందు హ్యాండిల్, సీటు కింద బ్యాటరీ. కాస్త దూరం నడిస్తే ఆయాసం వచ్చేవాళ్ళకి, మోకాళ్ళు అరిగినవాళ్ళకి అది చక్కటి ఆసరా.

నిజానికి నడవలేని మనిషికి ఓడ ప్రయాణమంత అనువైనది ఇంకొకటి లేదు. మన తీర్థయాత్ర ఒకటి తలుచుకోండి. ఇంటి దగ్గర ఆటో ఎక్కాలి, స్టేషన్లో ఓవర్‌బ్రిడ్జి దాటాలి, రైలు దిగి బస్సెక్కాలి, లాడ్జిలో మెట్లెక్కాలి, తెల్లవారి మళ్ళీ సామాను సర్దుకోవాలి. ప్రతిచోటా ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుని ఎత్తాలి. ఓడలో అయితే ఒక్కసారి గదిలో పెట్టె దించుకుంటే ఇక ఆ గదే మనల్ని ఊరూరా తిప్పుతుంది. భోజనశాలకి లిఫ్టు, పాటకచేరీకి లిఫ్టు, సముద్రం చూడ్డానికి పైఅంతస్తుకి లిఫ్టు. మా అక్కయ్యా బావగారూ అమెరికాలో ఉంటారు. అమ్మని తీసుకెళ్ళినప్పుడు నయాగరా చూపించారు, వాషింగ్టన్ చూపించారు, ఓడ విహారానికీ తీసుకెళ్ళారు. కానీ ఆవిడ ఎప్పుడు తలుచుకున్నా ఓడనే తలుచుకుంటుంది. "అయిదు రోజులు నన్నెవరూ ఎత్తలేదమ్మా" అని పక్కింటావిడతో చెబుతుంది. అదీ ఆవిడకి దొరికిన సుఖం.

ఇప్పుడు ఆ సుఖం మన తీరానికీ వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ అనే ఓడ చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి చుట్టి రావడానికి బయలుదేరింది. విశాఖలో ఆగింది. పుదుచ్చేరిలో ఆగడానికి మాత్రం అప్పుడు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఓడలో జూదశాలలు ఉంటాయన్న అభ్యంతరం వచ్చింది. మూడేళ్ళ తర్వాత, 2025 జులై 4న, అదే సంస్థ ఓడ విశాఖ మీదుగా వచ్చి పుదుచ్చేరి ఎదుట లంగరు వేసింది. ఈ ఎంప్రెస్ కథ కూడా మా ఊరికి తగినదే. ఫ్రాన్సు దేశంలోని సాన్ నజేర్ ఓడల కార్ఖానాలో కట్టారు. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో తొలిసారి ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. ఫ్రెంచివాళ్ళు కట్టిన ఓడ, ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు.

విశాఖలో ఎక్కేవాళ్ళకి చింత లేదు. అక్కడ 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. ఓడ వచ్చి గట్టుకు ఆనుకుని నిలబడుతుంది. గట్టు మీంచి ఓడలోకి గ్యాంగ్‌వే అనే వంతెన వేస్తారు. దాని వాలు మరీ ఎక్కువ లేకపోతే చక్రాల కుర్చీ దొర్లుకుంటూ వెళ్ళిపోతుంది. చెన్నైలోనూ ఓడ గట్టుకే వస్తుంది. పుదుచ్చేరి సంగతి వేరు. ఇక్కడి రేవు అరియాంకుప్పం నది మొగలో ఉంది. ఇసుక మేట వేసే చోటు. అంత పెద్ద ఓడ లోపలికి రాలేదు. దూరంగా లోతు నీళ్ళలో ఆగుతుంది. ప్రయాణికుల్ని చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు తెస్తారు. చిక్కంతా అక్కడే.

ఆ చిక్కు ఎలా ఉంటుందో మా అమ్మకి అనుభవమే, అది ఇంకో సముద్రంలో. కరీబియన్‌లో ఒక దీవి దగ్గర ఓడ ఇలాగే దూరాన ఆగింది. అక్కయ్యావాళ్ళు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి అడుగు అంతస్తుకి తీసుకొచ్చారు. ఓడ పక్కన తలుపు తెరిచి, నీటిమట్టానికి కాస్త ఎత్తులో ఒక వేదిక దించారు. దాని పక్కన పడవ. కుర్చీలోంచి అమ్మ చూసిందిట. అల వచ్చినప్పుడు పడవ మోకాలెత్తు లేచింది. అల పోగానే అంతే కిందికి దిగింది. వేదికకీ పడవకీ మధ్య సందు ఒకసారి బెత్తెడు, ఒకసారి జానెడు, ఒకసారి మూరెడు. నడవగలిగినవాళ్ళు పడవ పైకి లేచిన క్షణం చూసుకుని, కళాసీ చెయ్యి పట్టుకుని ఒక్క అడుగు వేస్తున్నారు. అమ్మ వంతు వచ్చింది. "ఈ అడుగు మీ అంతట మీరు వెయ్యగలరా?" అని అడిగారు. వెయ్యలేదు. "అయితే ఓడలోనే ఉండండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. భద్రత వాళ్ళ బాధ్యత, కాదనను. మనవలు దిగి వెళ్ళారు, అక్కయ్య అమ్మతో ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమంతా పైఅంతస్తులో కూర్చుని ఆ దీవి ఇళ్ళ కప్పులు చూశారిద్దరూ. ఆ రాత్రి ఫోనులో అమ్మ నాతో అన్నమాట ఇది: "పెళ్ళివారింటికి వెళ్ళి వీధరుగు మీద కూర్చుని వచ్చినట్టుంది."

ప్రపంచంలో చాలా రేవులు అలాంటివే. గ్రాండ్ కేమన్ దీవి లాంటి పేరున్న చోట్ల కూడా ఓడలు ఆనే గట్టు లేదు. పడవల మీదే దిగాలి. అలాంటిచోట మడిచే చక్రాల కుర్చీతో ఒక్కోసారి వెళ్ళనిస్తారు, సముద్రం శాంతంగా ఉంటే, మనిషి రెండడుగులు వెయ్యగలిగితే. బరువైన మొబిలిటీ స్కూటర్‌ని మాత్రం సాధారణంగా పడవెక్కించరు. ఈ సంగతి టికెట్టు కొన్నప్పుడు తెలిస్తే మనసు సిద్ధపడుతుంది. వేదిక దాకా వచ్చాక తెలిస్తే గుండె కలుక్కుమంటుంది.

శ్రోతలారా, ఇక్కడొక పాత సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఈ తీరంలో చక్రాల కుర్చీ అక్కర్లేనివాళ్ళు కూడా దిగలేకపోయేవారు. పుదుచ్చేరికీ మద్రాసుకీ సహజమైన ఓడరేవు లేదు. అలలు ఒడ్డుకి చాలా ముందే విరుగుతాయి. ఓడలు దూరాన ఆగేవి. కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు వెళ్ళి మనుషుల్నీ సరుకునీ తెచ్చేవి. ఆ పడవల్లో ఇనుప మేకు ఉండదు. అల కొట్టినప్పుడు కుట్టు సాగుతుంది కాబట్టి పలక పగలదు. ఒడ్డు దగ్గరకొచ్చాక పడవవాళ్ళు ప్రయాణికుల్ని భుజాల మీద మోసి ఇసుకలో దించేవారు. గవర్నరైనా, వర్తకుడైనా, బలిష్ఠుడైన సైనికుడైనా ఇంకొకరి భుజం ఎక్కాల్సిందే. వాళ్ళని ఎవరూ వికలాంగులు అనలేదు. రేవు లేదు అన్నారు. తర్వాత 1866లో ఫ్రెంచివాళ్ళు సముద్రంలోకి ఇనుప వంతెన కట్టారు. మోతలు తగ్గాయి, జనం కాళ్ళ మీద నడిచి దిగారు. ఆ వంతెన 1952 తుఫానులో పోయింది. ఆ తర్వాత కట్టిన కొత్త వంతెనలో కొంతభాగం 2022 మార్చిలో కూలింది. దాని స్తంభాలు చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. రేవు లేని రోజున అందరికీ కాళ్ళు లేనట్టే. రేవు కట్టగానే అందరికీ కాళ్ళు వచ్చాయి. మా అమ్మకి కావలసింది ఆ వంతెనే, ఇంకొక్క జానెడు పొడుగ్గా.

ఆ జానెడు కట్టడం మనకి చేతకాని విద్యా? మా యానాం రేవులో వారధి రాకముందు పంటు ఉండేది. యానాం నుంచి గౌతమి దాటి ఎదుర్లంకకి దాని మీదే వెళ్ళేవాళ్ళం. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సమతలంగా బల్ల పరిచిన పడవ. రేవుకి ముక్కు ఆనించి, బల్లలు దించితే లారీలు ఎక్కేవి, సైకిళ్ళు ఎక్కేవి, గడ్డి బండిని ఎడ్లు లాక్కుంటూ ఎక్కేవి. మా నాయనమ్మని మంచంతో సహా వ్యానులో పెట్టి పంటు ఎక్కించాం. రేవులో ఆవిణ్ణి ఎవరూ ఎత్తలేదు, దించలేదు. దొర్లేదేదైనా పంటు మీదకి దొర్లిపోతుంది, అంతే. ముందుభాగం తెరుచుకుని బల్లగా పడే పడవలు ప్రపంచంలో బోలెడున్నాయి. కొన్ని విహార ఓడల్లో చక్రాల కుర్చీని నెమ్మదిగా పడవలోకి దించే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. పుదుచ్చేరి ఒడ్డున ప్రయాణికుల కోసం కొనే పడవల్లో ఒక్కటి పంటు బుద్ధితో కట్టించినా, గట్టు దగ్గర నీటితోపాటు లేచి దిగే తేలియాడే వేదిక ఒకటి వేసినా, సగం కష్టం తీరుతుంది. అమ్మలాంటివాళ్ళు దిగి ఆ ఏడున్నర దాకా వాహనాల్లేని రోడ్డు చూస్తారు.

ఇది దయాధర్మం కాదు, చట్టం. 2016లో మన పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులూ రైల్వే స్టేషన్లూ విమానాశ్రయాల పేర్లు చెప్పి ఊరుకోలేదు, అన్ని రకాల రవాణా సాధనాలూ అందుబాటులో ఉండాలంది. పడవా రవాణా సాధనమే. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి నియమాలు చెయ్యండి అని కేంద్రాన్ని ఆదేశించింది. అమెరికాలో 1990లో వికలాంగుల చట్టం వచ్చింది, మన ఎంప్రెస్ తొలిప్రయాణం చేసిన ఏడాదే. విదేశీ జెండాతో తిరిగే విహార ఓడలకి కూడా ఆ చట్టం వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పింది. అక్కయ్యావాళ్ళు ఎక్కిన ఓడలో అమ్మకి వెడల్పు తలుపు గది దొరికిందంటే, దాని వెనక ఎవరో చక్రాల కుర్చీలో కోర్టు మెట్ల దాకా వెళ్ళిన శ్రమ ఉంది.

మన దగ్గరా కదలిక ఉంది. చెన్నై మెరీనా ఇసుకలో నీళ్ళ దగ్గర దాకా చక్రాల కుర్చీలు వెళ్ళడానికి 263 మీటర్ల చెక్కదారి వేసి 2022 నవంబరు 27న ప్రారంభించారు. రెండు వారాలు తిరక్కుండానే మాండస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది. మళ్ళీ బాగుచేశారు. జీవితంలో మొదటిసారి సముద్రపు నీళ్ళు కాళ్ళకి తగిలిన పెద్దవాళ్ళు ఆ దారి మీద ఏడవడం చూసినవాళ్ళు దాన్ని మరిచిపోరు. మన విశాఖ రుషికొండకి 2020లో, పుదుచ్చేరి ఈడెన్ బీచికి 2021లో, మంచి బీచిలకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చేటప్పుడు వికలాంగులకి దారి ఉందా అని కూడా చూస్తారు. కుర్చీల తయారీలో కూడా మనం వెనకబడి లేం. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ కొలతలు తీసుకుని చక్రాల కుర్చీ చేస్తుంది. దానికి తగిలించుకునే బ్యాటరీ బండి గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బండి తయారైంది. అది దొర్లే దారే తయారవ్వాలి.

ఇక ఓడ విహారం తలపెట్టిన కుటుంబాలకి మా అనుభవంలో తేలిన నాలుగు సంగతులు చెబుతాను. ఒక కాగితం దగ్గర పెట్టుకోండి.

మొదటిది, టేపు. మీ చక్రాల కుర్చీ వెడల్పు, చేతులు ఆనే చక్రాలతో సహా, కొలవండి. చాలా ఓడల్లో మామూలు గది తలుపు రెండడుగుల లోపే ఉంటుంది. మామూలు చక్రాల కుర్చీయే అంతకంటే వెడల్పు. అక్కయ్య మొదట మామూలు గదే తీసుకోబోయింది. బావగారు కుర్చీ కొలిచి, ఓడవాళ్ళని తలుపు కొలత అడిగితే మూడంగుళాలు తేడా వచ్చింది. ఆ మూడంగుళాలతో అయిదు రోజులూ కుర్చీని వరండాలో వదిలి, అమ్మని ఎత్తి గదిలోకి తీసుకెళ్ళాల్సి వచ్చేది. చక్రాల కుర్చీల గదులు వేరే ఉంటాయి, ఏ ఓడలోనైనా కొద్దే ఉంటాయి. పాత ఓడల్లో ఇంకా తక్కువ. కాబట్టి ముందుగా చెప్పుకోవాలి. ఆ గదిలో కూడా రెండు ప్రశ్నలు అడగండి: కుర్చీ గుండ్రంగా తిరగడానికి అయిదడుగుల చోటుందా? స్నానాలగదికి గడప ఉందా? మన ఇంటి గడపకి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటాం. ఓడలో నాలుగంగుళాల ఇనుప గడప నడవలేనివాళ్ళ పాలిట గోడ.

రెండోది, మొబిలిటీ స్కూటర్. దాన్ని రాత్రిపూట గది బయట పెట్టనివ్వరు. నిప్పు అంటుకున్నప్పుడు జనం పరుగెత్తే దారి అది. గదిలోనే పెట్టుకుని ఛార్జి చేసుకోవాలి. గది తలుపులో పట్టదంటే స్కూటర్ మానుకుని కుర్చీ తీసుకెళ్ళడమే మేలు. విశాఖ దాకా విమానంలో వెళ్ళేవాళ్ళు బ్యాటరీ ఏ రకమో టికెట్టు కొన్నప్పుడే చెప్పాలి. విప్పి చేత పట్టుకెళ్ళే లిథియం బ్యాటరీ సాధారణంగా 300 వాట్ అవర్లు మించకూడదు. ఉప్పుగాలికి చక్రాల బేరింగులు తుప్పు పడతాయి. ఒడ్డుకొచ్చాక మంచినీళ్ళతో తుడిచి, కాస్త నూనె వెయ్యండి.

మూడోది, ప్రమాదం. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో ఓడెక్కిన మొదటిరోజే అందరికీ చూపిస్తారు. ప్రమాదం వేళ లిఫ్టులు ఆగిపోతాయి. నడవలేనివాళ్ళని మెట్ల మీదుగా తీసుకెళ్ళడానికి వేరే మనుషులుంటారు, వేరే కుర్చీ ఉంటుంది. ఆ మనిషి ఎవరో, ఏ గుమ్మం దగ్గరకి వస్తాడో ముందే అడిగి తెలుసుకోండి. సిగ్గుపడకండి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. టికెట్టు అమ్మేవాళ్ళని ఒక్కొక్క ఊరి పేరూ చెప్పి అడగండి: "ఇక్కడ ఓడ గట్టుకి వస్తుందా, సముద్రంలో ఆగుతుందా? సముద్రంలో ఆగితే చక్రాల కుర్చీ దిగుతుందా?" జవాబు కాగితం మీద తీసుకోండి. విశాఖ, చెన్నై, పుదుచ్చేరి అని మూడు పేర్లు వరసగా వేసి ఉన్నంత మాత్రాన మూడూ ఒకటి కావు.

ఇవన్నీ అడుగుతుంటే విసుక్కునేవాళ్ళు ఉంటారు. విసుక్కోనివ్వండి. అడిగేవాళ్ళు నలుగురైతే వేదిక దగ్గర వచ్చే జవాబు మారుతుంది. ఎవరూ అడక్కపోతే, "ఇటువంటివాళ్ళు మా ఓడెక్కరండీ" అని రేవు కట్టేవాళ్ళూ పడవ కొనేవాళ్ళూ నిశ్చింతగా ఉంటారు. ఇంట్లో కూర్చోబెట్టిన మనిషి ఎవరి లెక్కలోకీ రాడు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఒక అలవాటుంది. "మీరు వెళ్ళిరండి, నేను ఇంటికి కాపలా ఉంటాను" అంటారు. ఆ మాట వెనక చాలాసార్లు ఇష్టం ఉండదు, మనకి భారం కాకూడదన్న మొహమాటం ఉంటుంది. ఈసారి ఆ మాట వినకండి. కుర్చీ కొలత రాసుకోండి, ప్రశ్నలు అడగండి, తీసుకెళ్ళండి. పుదుచ్చేరి రేవు చూసేవారికీ, పడవలు కొనేవారికీ నా మనవి ఒక్కటే. ఓడకీ ఒడ్డుకీ మధ్య ఆ జానెడు సందు మీద ఒక బల్ల వెయ్యండి. గోదావరి రేవుల్లో ఆ బల్ల ఎడ్లబండికి కూడా వేశారు.